ముళ్ళ కళ్ళెం తీసేశాక గుర్రానికి ఏం వేయాలి?

ప్రశ్న: మాది చేవెళ్ల దగ్గర పల్లె. నాలుగు నెలల కిందట ఏడేళ్ళ మార్వాడీ ఆడ గుర్రాన్ని కొన్నాను. అంతకుముందు దాన్ని పెళ్ళి ఊరేగింపుల్లో తిప్పేవారు. ఎత్తు 58 అంగుళాలు. గుర్రంతోపాటు ముళ్ళ కళ్ళెం కూడా ఇచ్చారు. అది వేసి ఎక్కితే, పగ్గం పట్టుకోగానే తల ఆకాశానికి ఎత్తేస్తుంది, నోరు తెరుస్తుంది, నాలుక పక్కకు వేలాడేస్తుంది. ఎంత లాగితే అంత ముందుకు దూకుతుంది. పెదవుల మూలల్లో పాత మచ్చలున్నాయి, ఒకవైపు కొత్త పుండు కూడా పడింది. తెలిసినవాళ్ళలో ఒకరు ఇంకా గట్టి కళ్ళెం వెయ్యమంటున్నారు. ఇంకొకరేమో నోట్లో ఇనుమే వద్దు, బిట్‌లెస్ వేస్తే గుర్రానికి హాయి అంటున్నారు. పొలం బాటల మీద సవారీకి, మా పన్నెండేళ్ళ అమ్మాయి నేర్చుకోవడానికి ఏది మంచిది?

సమాధానం: ముళ్ళ కళ్ళెం ఈ రోజే తీసేయండి, మళ్ళీ ఒక్కసారి కూడా వేయకండి. బండి లాగే, బరువు మోసే పశువుల కోసం 1965లో కేంద్రం చేసిన క్రూరత్వ నివారణ నియమాల్లో 8వది, సవారీకైనా బండికైనా ముళ్ళు, బుడిపెలు, మొనలు ఉన్న కళ్ళెం వాడకూడదనే చెబుతుంది. చట్టం మాట అలా ఉంచినా, మీ గుర్రం చేస్తున్నవన్నీ ఆ కళ్ళెం నేర్పినవే. గుర్రం నొప్పికి ఆగే జంతువు కాదు, నొప్పి నుంచి పారిపోయే జంతువు. నోట్లో గుచ్చుకుంటే ముందుకే పోతుంది. మీరు లాగుతారు, ఇంకా గుచ్చుకుంటుంది, ఇంకా పరుగెత్తుతుంది. తల పైకెత్తితే ఇనుము దవడ మీద నుంచి జారి పెదవి మూలల్లోకి వస్తుంది. దవడ నొప్పి కంటే అది నయమని దానికి అనుభవంలో తెలిసింది. మూలల్లో ఆ పుండ్లు అలా పడినవే. నాలుక బయటికి తీయడం కూడా ఇనుము కింద నుంచి తప్పించుకోవడానికే. ఇంకా గట్టి కళ్ళెం వేస్తే నాలుగు రోజులు ఆగినట్టే కనిపిస్తుంది, తర్వాత దానికీ ఇలాగే చేస్తుంది.

మాటల గందరగోళం లేకుండా ఒకటి చెప్పుకుందాం. మన ఊళ్ళలో తలకు కట్టే వార్లనీ, నోట్లో ఉండే ఇనుప కడ్డీనీ కలిపి కళ్ళెం అనేస్తాం. ఇక్కడ నోట్లోని కడ్డీని బిట్ అని, తల వార్లను బ్రైడిల్ అని అంటాను.

బిట్టా, బిట్‌లెస్సా అన్నది మీరో నేనో తేల్చేది కాదు, గుర్రం నోరు తేలుస్తుంది. కాబట్టి ముందు నోరు చూడాలి. ముందు పళ్ళకూ వెనక దవడ పళ్ళకూ మధ్య పళ్ళు లేని ఖాళీ ఉంటుంది. బిట్ కూర్చునేది అక్కడే. ఆ ఖాళీలో కింది దవడ ఎముక అంచు సన్నగా, గట్టు లాగా ఉంటుంది. దాని మీద పలచటి చిగురు పొర తప్ప మెత్తటి కండ ఏమీ లేదు. నోరు మూసుకుని ఉన్నప్పుడు మిగతా చోటంతా నాలుకే నింపేస్తుంది. అంటే బిట్ బరువు ముందు పడేది నాలుక మీద, ఆ తర్వాత దవడ గట్టు మీద.

పగటి వెలుగులో హాల్టర్ (నోట్లో కడ్డీ లేకుండా తలకు కట్టే వార్లు) వేసి, ఒక మనిషి చేత పట్టించి, పెదవి మూల నుంచి ఆ ఖాళీలోకి బొటనవేలు పోనివ్వండి. అక్కడ పళ్ళు లేవు కాబట్టి కరవలేదు. కానీ వేలు వెనక్కి జారనివ్వకండి, దవడ పళ్ళ మధ్య పడితే వేలు నలిగిపోతుంది. వేలి మెత్తటి భాగంతో దవడ గట్టును ముందు నుంచి వెనక్కి తడమండి. రెండు వైపులా ఒకేలా నున్నగా ఉండాలి. బఠానీ గింజంత బుడిపె తగిలినా, ఒకచోట నొక్కగానే తల లాక్కున్నా గుర్తు పెట్టుకోండి. మొనలున్న ఇనుము ఎముక పొరను పదేపదే గాయపరిస్తే అక్కడ ఎముకే బుడిపె కడుతుంది. అది మానే పుండు కాదు, ఎప్పటికీ ఉండిపోతుంది. తర్వాత నాలుక అంచుల్లో కోతలున్నాయా, అడ్డంగా పాత గాటు ఉందా, గడ్డం కింద గాడిలో చర్మం మొద్దుబారిందా చూడండి. ముక్కు దూలం మీద కూడా చెయ్యి వేసి చూడటం మరచిపోకండి. ఊరేగింపు గుర్రాలకు ముక్కు పట్టీ బిగించి కట్టడం మామూలే. అక్కడ తెల్ల వెంట్రుకలు మొలిచినా, ఎముక మీద పల్లమో గడ్డో తగిలినా బిట్‌లెస్ కూడా దానికి నొప్పే.

మీరు చూడగలిగింది అంతవరకే. వెనక పళ్ళు పశువైద్యులే చూడాలి. నోరు తెరిచి ఉంచే పరికరం పెట్టి, అవసరమైతే మత్తు ఇచ్చి చూస్తారు. గుర్రాల అనుభవం ఉన్నవారిని వెతకండి. మీకు దగ్గర్లో రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో అడగవచ్చు. వెళ్ళినప్పుడు ఈ విషయాలు పేరుపేరునా అడగండి. పై దవడ పళ్ళ బయటి అంచులు, కింది దవడ పళ్ళ లోపలి అంచులు పదునెక్కాయా? గుర్రానికి పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు, అందుకే మేత నమిలేకొద్దీ ఆ అంచులే కత్తుల్లా తయారవుతాయి. పైవి చెంపల్ని, కిందివి నాలుకను కోస్తాయి. ఆకురాయితో రాకి సరిచేయాలి, ఆపైన 6 నెలలకో ఏడాదికో ఒకసారి చూపించాలి. రెండోది, పై దవడ పళ్ళకు ముందు 'వోల్ఫ్ టీత్' అనే చిన్న పళ్ళు ఉన్నాయా? అన్ని గుర్రాలకూ ఉండవు, ఉంటే బిట్ తగిలి బాధిస్తాయి, సాధారణంగా తీసేస్తారు. మూడోది, దవడ గట్టు మీద మీకు తగిలిన బుడిపె పాతదా, ఇంకా వాపు ఉన్నదా?

ఈలోగా మూడు నాలుగు వారాలు నోట్లో ఇనుము పెట్టవద్దు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు కలిపి రోజుకు రెండుసార్లు పుండు కడిగి, మూలల్లో వాజ్‌లైన్ రాయండి. అలాంటి పుండు మామూలుగా రెండు మూడు వారాల్లో మానుతుంది. కొత్త చర్మం పైకి మానినట్టు కనిపించాక ఇంకో వారం ఆగాలి, లేకపోతే మొదటి సవారీలోనే చిట్లుతుంది.

ఈ విరామంలోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఒట్టి హాల్టర్‌తో నడిపించండి, తాడు మీద గుండ్రంగా తిప్పండి, తర్వాత జీను వేసి మనిషి ఎక్కకుండా తిప్పండి. నోట్లో ఏమీ లేకపోయినా తల విదిలిస్తుంటే తప్పు బిట్‌ది ఒక్కదానిదే కాదు. జీను వేసినప్పుడు మాత్రమే మొదలైతే వీపు, భుజాలు చూడాలి. చెవుల దగ్గర చెయ్యి వేయగానే విదిలిస్తే చెవి లోపల పిడుదులో పురుగులో ఉన్నాయేమో చూడాలి.

చెవుల మాట వచ్చింది కాబట్టి మార్వాడీ గుర్రం కొన్నవాళ్ళు గమనించని సంగతొకటి చెప్పాలి. ఈ జాతి చెవులు లోపలికి వంగి కొసలు తాకేలా ఉంటాయి, వాటి మొదళ్ళు చురుగ్గా తిరుగుతూ ఉంటాయి. బ్రైడిల్‌లో నుదుటి పట్టీ పొట్టిదైతే అది చెవుల వెనక ఉన్న వారును ముందుకు లాగి చెవి మొదట్లో కోస్తుంది. మీరు పగ్గం పట్టుకున్న ప్రతిసారీ ఆ కోత పెరుగుతుంది. చూసేవాళ్ళకు బిట్ బాధలాగే కనిపిస్తుంది. నుదుటి పట్టీ కింద వేలు సులువుగా ఆడాలి, చెవుల వెనక వారుకూ చెవి మొదలుకూ మధ్య కూడా వేలు పట్టాలి.

ఇక బిట్‌లెస్. నోట్లో ఇనుము లేదు కాబట్టి హాయే అనుకోవడం తొందరపాటు. ఆ ఒత్తిడి ముక్కు మీదికి, గడ్డం కిందికి, చెవుల వెనక్కి పోతుంది. ముక్కు ఎముక కిందికి వచ్చేకొద్దీ సన్నబడి మెత్తటి మృదులాస్థితో ముగుస్తుంది. పైగా గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, దానికి ఉన్నది ముక్కు ఒక్కటే. కిందికి జారిన పట్టీ బిగిస్తే ఊపిరి ఆడక భయపడి పరుగెత్తుతుంది, బిట్‌లెస్‌తో గుర్రం ఆగలేదు అంటాం.

మీ గుర్రానికి మొదట వేయాల్సింది సైడ్‌పుల్. ముక్కు పట్టీకి రెండు పక్కలా రింగులు, వాటికి నేరుగా పగ్గాలు, అంతే. మీ చేతిలో ఎంత బరువుంటే ముక్కు మీద అంతే పడుతుంది, వదలగానే పోతుంది. మంచి తోలు హాల్టర్ ఉంటే తోలు పని తెలిసినవారి చేత ముక్కు పట్టీకి రెండు పక్కలా గట్టి రింగులు కుట్టించినా సైడ్‌పుల్ అవుతుంది. పట్టీ వెడల్పు 3 నుంచి 4 సెంటీమీటర్లు ఉండి, లోపల మెత్త ఉండాలి. సన్నటి తాడుతో, ముక్కు మీద ముడులతో చేసినవి అమ్ముతారు. చూడటానికి అమాయకంగా ఉంటాయి కానీ ఆ ముడులు ఎముక మీద రాళ్ళలా పని చేస్తాయి. వద్దు.

క్రాస్‌అండర్ అనేది ఇంకో రకం. కుడి పగ్గం గడ్డం కింద నుంచి అడ్డంగా పోయి ఎడమ చెంపను నొక్కుతుంది, తల మొత్తాన్ని ఒడిసి పట్టినట్టు ఉంటుంది. అమెరికా టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో పశువైద్య ఆచార్యుడిగా పనిచేసిన రాబర్ట్ కుక్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. మలుపులు బాగా చెబుతుంది. లోపమల్లా వదలడంలో ఉంది. గడ్డం కింద వార్లు ఒకదాని మీద ఒకటి రాసుకుని, మీరు పగ్గం వదిలినా బిగువు వెంటనే పోదు. వదలడమే గుర్రానికి జవాబు కాబట్టి ఇది చిన్న లోపం కాదు. కొనేముందు పగ్గం కాస్త లాగి వదిలి చూడండి, వార్లు తమంతట తామే జారి వెనక్కి రావాలి.

మెకానికల్ హాక్‌మోర్ జోలికి పోవద్దు. ఇనుప కాడలు, గడ్డం కింద గొలుసు ఉంటాయి. ఆ కాడలు తులాదండంలా పనిచేసి చేతి బరువును రెండు మూడింతలు చేసి ముక్కు మీద, గడ్డం మీద పెడతాయి. పేరుకు బిట్‌లెస్, కరుకుదనంలో చాలా బిట్లను మించుతుంది. బోసాల్ అనేది కాలిఫోర్నియా పశుపాలకుల సంప్రదాయం, అల్లిన పచ్చితోలు వలయం. దాన్ని వాడటం నేర్చుకోవడమే ఒక విద్య, మీకిప్పుడు అక్కర్లేదు.

సైడ్‌పుల్ కట్టేటప్పుడు ముక్కు దూలం మీద వేళ్ళతో నొక్కుతూ కిందికి రండి. వేలి కింద మెత్తగా లొంగిన చోట ఎముక అయిపోయింది. పట్టీ దానికి బాగా పైన ఉండాలి. చెంప ఎముక గట్టు ముగిసిన చోటుకు రెండు వేళ్ళ కింద, ముక్కుపుటానికి కనీసం నాలుగు వేళ్ళ పైన అనుకుంటే దాదాపు సరిపోతుంది. చెంప గట్టుకు మరీ ఆనించి కూడా కట్టకూడదు, పట్టీ కదిలినప్పుడల్లా ఆ ఎముక మీద చర్మం ఒరుసుకుపోతుంది. బిగువు ముక్కు ఎముక మీదే చూడాలి, పక్కల్లో కాదు. పక్కన మెత్తగా ఉంటుంది కాబట్టి ఎంత బిగించినా వేళ్ళు దూరతాయి. అంతర్జాతీయ గుర్రపు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఈఐ 2025లో ముక్కు పట్టీల కోసం తెచ్చిన కొలత పరికరాన్ని కూడా ముక్కు దూలం మీదే పెట్టి చూస్తారు. రెండు వేళ్ళు కాస్త బిగువుగా దూరితే చాలు. దవడ కింద అదనపు వారు ఒకటి తప్పనిసరి. అది లేకపోతే కుడి పగ్గం లాగినప్పుడు ఎడమ చెంప వారు జరిగి కంట్లో పడుతుంది. చాలా చవక సైడ్‌పుల్‌లలో ఈ వారే ఉండదు.

కట్టిన మొదటి రోజే ఎక్కి బాట మీదికి పోకండి. ఈ గుర్రానికి ముక్కు మీద ఒత్తిడి అంటే ఆగమని తెలియదు, అది నేర్పాలి. ముందు నేల మీద నిలబడి, భుజం పక్కన ఉండి, రెండు పగ్గాలూ పట్టుకుని 'హో' అని చెప్పి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా వెనక్కి ఒత్తిడి పెట్టండి. బరువు వెనక్కి వాల్చినా, అర అడుగు వెనక్కి వేసినా ఆ క్షణమే వదిలేయండి. లాగిన చేయి కాదు, వదిలిన చేయి నేర్పుతుంది. ఐదారు సెకన్లలో జవాబు రాకపోతే గట్టిగా లాగవద్దు, చిన్న చిన్న ఒత్తిళ్ళుగా పెట్టి వదులుతూ ఉండండి. అలా పది పన్నెండు సార్లు చేసి ఆపేయండి. రోజుకు 15 నిమిషాలు చాలు. మలుపుకు పగ్గాన్ని వెనక్కి కాకుండా పక్కకు, తలుపు తెరిచినట్టు తెరవాలి.

నాలుగైదు రోజుల తర్వాత ఎక్కవచ్చు, కంచె ఉన్న చోటే, 20 మీటర్ల వెడల్పుంటే మేలు, తల మీద హెల్మెట్, పక్కన ఒక మనిషి. రెండు వారాలు నడక, ఆగడం, మలుపులు, కొద్దిగా దుడుకు నడక (ట్రాట్ అనే తేలిక పరుగు), అంతకు మించి వద్దు. పదిసార్లు 'హో' అంటే ఎనిమిదిసార్లైనా మూడడుగుల్లో ఆగుతుంటే, అదీ కేవలం వేళ్ళు మూసినంత ఒత్తిడికి, అప్పుడు పొలం బాట గురించి ఆలోచించవచ్చు. మొదటి కొన్నిసార్లు నెమ్మదస్తురాలైన ఇంకో గుర్రమో, తోడు నడిచే మనిషో ఉండాలి. బాట మీద బెదిరితే రెండు చేతులతో బిగదీసి పట్టుకుని ఉండిపోకండి. అలా పడితే అది మీ చేతుల మీద ఆనుకుని తోసుకుపోతుంది. పట్టు, వదులు, మళ్ళీ పట్టు. చోటు ఉంటే పెద్ద వలయంలోకి తిప్పి, వలయాన్ని చిన్నది చేసుకుంటూ రావాలి. దౌడులో ఉండగా ఒక పగ్గంతో తలను ఒక్కసారిగా మోకాలికి లాగితే మాత్రం కాళ్ళు తప్పి మీద పడే ప్రమాదం ఉంది.

దవడ గట్టు మీద బుడిపెలు ఉన్నాయని, నాలుక లోతుగా తెగి మానిందని డాక్టరు చెబితే ఈ సైడ్‌పులే దానికి జీవితాంతం. దాంతో పొలం బాట సవారీకి లోటేమీ రాదు. ఎఫ్‌ఈఐ నియమాల్లో డ్రెస్సాజ్‌కు (గుర్రం నడకల విన్యాసాల పోటీ) బిట్ తప్పదు కానీ షో జంపింగ్‌లోనూ దూర పరుగుల్లోనూ బిట్‌లెస్‌కు వీలుంది. నోరు శుభ్రంగా ఉండి ముక్కు దూలం దెబ్బతిని ఉంటే బిట్ వైపు పోవాలి. రెండూ బాగుంటే రెండూ నేర్పి, దేనికి తక్కువ ఒత్తిడితో జవాబు చెబుతుందో అది ఉంచుకోండి.

బిట్ వేయాల్సి వస్తే ఎగ్‌బట్ రింగులున్న, మధ్యలో చిన్న నున్నటి ముక్కతో రెండు కీళ్ళున్న స్నాఫిల్ తీసుకోండి. స్నాఫిల్ అంటే పగ్గం నేరుగా నోటి కడ్డీ పక్కనే ఉండే రింగుకు కట్టే బిట్, తులాదండం ఉండదు. ఎగ్‌బట్ ఎందుకంటే దాని రింగు కడ్డీలోంచి జారి తిరగదు. లూజ్ రింగ్ తిరిగేటప్పుడు పెదవి మూల చర్మాన్ని నొక్కి పట్టే వీలుంది, మీ గుర్రానికి మూలలే బలహీనం. ఒకే కీలు ఉన్న బిట్ పగ్గం లాగినప్పుడు మధ్యలో మడిచి నాలుకను రెండు వైపుల నుంచి నొక్కుతుంది, నోటి కప్పు తక్కువగా ఉన్న గుర్రానికి ఆ కీలు అంగిలికీ తగులుతుంది. రెండు కీళ్ళది నాలుక మీద వంపు తిరిగి కూర్చుంటుంది. అయితే దుకాణంలో జాగ్రత్త. మధ్య ముక్క గుండ్రంగా గింజలా ఉండాలి. డాక్టర్ బ్రిస్టల్ అనే రకంలో చదును రేకు ఏటవాలుగా ఉండి అంచుతో నాలుకను నొక్కుతుంది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. నాలుక మీద పాత గాట్లుంటే మధ్యలో కొద్దిగా పైకి వంగి నాలుకకు చోటిచ్చే కడ్డీ ఇంకా నయం.

లావుగా ఉంటే మెత్తగా ఉంటుందన్న మాట సగమే నిజం. సన్నటిది కోసినట్టు నొక్కుతుంది, నిజమే, కానీ నాలుక నిండిన నోట్లో 18, 20 మిల్లీమీటర్ల కడ్డీకి చోటెక్కడిది? నోరు మూసుకోలేక తెరుస్తుంది. రింగు దగ్గర కొలిస్తే 14 మిల్లీమీటర్లుండేది మీ గుర్రానికి సరిపోవచ్చు. వెడల్పుకు, సన్నటి నున్నని కర్ర పుల్లను బిట్ పెట్టే చోటే నోట్లో అడ్డంగా పెట్టి, రెండు పెదవుల అంచుల దగ్గర రబ్బరు బ్యాండ్లతో గుర్తు పెట్టి, మధ్య దూరం కొలవండి. ఎగ్‌బట్‌కు దానికి 5 మిల్లీమీటర్లు కలపండి, లూజ్ రింగ్ అయితే 10. ఈ ఎత్తు గుర్రాలకు ఎక్కువగా 5 అంగుళాల దగ్గర తేలుతుంది, అయినా కొలవకుండా కొనవద్దు. ఇరుకైతే మూలలు నలుగుతాయి, వెడల్పైతే ఒక పగ్గానికి బిట్ మొత్తం పక్కకు జారి కీళ్ళు దవడ గట్టు మీద పడతాయి.

లోహం స్టెయిన్‌లెస్ స్టీల్ అయి ఉండాలి. మన దేశంలో జీన్ల పనికి కాన్పూర్ పేరున్నది, అక్కడి మంచి సరుకు దొరుకుతుంది. చవకగా వచ్చే పూత బిట్లలో మాత్రం కొన్నాళ్ళకు పూత లేచి అంచులు కోస్తాయి. కొనేటప్పుడూ తర్వాత నెలనెలా పలచటి నూలు రుమాలుతో కడ్డీని, కీళ్ళను తుడవండి. ఒక్క దారం పట్టుకుని లేచినా ఆ బిట్ పక్కన పెట్టేయాలి.

ఎత్తు విషయంలో పెదవి మూలలో ఇన్ని ముడతలు పడాలన్న లెక్క చాలామంది చెబుతారు. పెదవులు ఒక్కో గుర్రానికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి అది మొదటి అంచనాకే పనికొస్తుంది. మూలను తాకి ఒక ముడత పడేలా కట్టి, తర్వాత గుర్రాన్ని గమనించండి. కిందికి ఉంటే నాలుకను బిట్ మీదికి తెస్తుంది, పైకి ఉంటే పగ్గం పట్టకపోయినా మూలలు లాగుతూనే ఉంటాయి, ఎడతెగకుండా నములుతుంది. ఒక్కో రంధ్రం చొప్పున మార్చి, మూడు రోజులు చూసి, మళ్ళీ మార్చండి. బిట్, ఎత్తు, ముక్కు పట్టీ మూడూ ఒకేరోజు మారిస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. నోరు తెరుస్తోందని ముక్కు పట్టీ బిగించి మూయించకండి. నోరు తెరవడం అది మీకు చెప్పే మాట, మూయిస్తే చెప్పడం ఆగుతుంది, నొప్పి ఆగదు.

ఇన్నేళ్ళు గుచ్చుకున్న నోరు కాబట్టి బిట్‌ను చూడగానే పళ్ళు బిగబడుతుంది. చలికాలం పొద్దున చేతుల్లో పట్టుకుని వెచ్చబరచి, కొద్దిగా బెల్లం పాకం రాయండి. బొటనవేలు ఆ ఖాళీలో పెట్టి నోరు తెరిచాకే లోపలికి పోనివ్వండి, పళ్ళకు కొట్టకండి. తీసేటప్పుడు లాగవద్దు, వార్లు వదిలి అదే నోటితో జారవిడిచేదాకా ఆగండి. మొదటి వారం పగ్గాలు లేకుండా 15 నిమిషాలు నోట్లో ఉంచి నడిపించడమే. తర్వాత సైడ్‌పుల్‌కు ఒక జత, బిట్‌కు ఒక జత, నాలుగు పగ్గాలతో ఎక్కండి. ముందు సైడ్‌పుల్‌తోనే అడగండి, బిట్ పగ్గం వదులుగా వేలాడనివ్వండి. రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా బిట్ మీదికి మార్చండి. తల మళ్ళీ ఎత్తితే వెనకటి మెట్టుకు దిగాలి. పని అయ్యాక బిట్ కడిగి ఆరబెట్టండి.

మీకు చెప్పిన 'గట్టి కళ్ళెం' అంటే కాడలూ గొలుసూ ఉన్న కర్బ్ బిట్ అయివుంటుంది. దాని లెక్క ఒక్కసారి చూడండి. నోటి కడ్డీకి పైన కాడ 4 సెంటీమీటర్లు, కింద 8 అనుకుంటే మీ చేతిలోని ఒక కిలో లాగుడు గడ్డం గొలుసు మీద సుమారు రెండు కిలోలు, నోట్లో సుమారు మూడు కిలోలు అవుతుంది. స్నాఫిల్‌లో వేలి కదలికకు జవాబిచ్చే గుర్రానికి, చెయ్యి కదలకుండా కూర్చోగల రౌతు చేతిలో అది సున్నితమైన పనిముట్టు. ఆపలేని గుర్రాన్ని ఆపడానికి వేస్తే అది ముళ్ళ కళ్ళెం చేసిన పనే చేస్తుంది.

మీ అమ్మాయి సంగతి. నేర్చుకునేవాళ్ళు ఎవరైనా తూలినప్పుడు పగ్గం పట్టుకునే నిలదొక్కుకుంటారు, పిల్లల తప్పు కాదు. ఆ బరువు ఈ గుర్రం నోట్లో పడకూడదు. మీరు దాన్ని రెండు మూడు నెలలు నడిపి, అది నెమ్మదించిందని మీకు నమ్మకం కుదిరాకే ఎక్కించండి. అప్పుడు కూడా మీరు తాడు పట్టుకుని గుండ్రంగా నడుపుతుంటే ఆమె చేతిలో పగ్గాలు లేకుండానే మొదలుపెట్టాలి. గుర్రం మెడ మొదట్లో ఒక తోలు వారు వదులుగా కట్టండి, పాత రికాబు వారైనా సరే, పిడికిలి పట్టేంత సందు ఉంటే చాలు. తూలినప్పుడు పట్టుకోవడానికి అదే ఆధారం. చేతులు వదిలి దుడుకు నడకలో పది చుట్లు కుదురుగా కూర్చోగలిగిన రోజున సైడ్‌పుల్ పగ్గాలు ఇవ్వండి, ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ మధ్య నుంచి పోనిచ్చి బొటనవేలితో పట్టించండి. బిట్ పగ్గాలకు ఇంకా చాలా నెలలుంది.